తితిక్ష ఎవరి ధర్మము?

చాణక్యుని పేర లోకమున వ్యాప్తిలోనున్న నీతిశ్లోకములలో, మనుష్యుడు పశుపక్ష్యాదులనుండి నేర్చుకొనదగిన గుణములను లెక్కించి చెప్పు ఘట్టమొకటి కలదు. సింహమునుండి ఒకటి, కొంగనుండి ఒకటి, కోడినుండి నాలుగు, కాకినుండి అయిదు, కుక్కనుండి ఆఱు అని చెప్పుచు వచ్చిన నీతికారుడు గాడిదకడ మూడింటిని పేర్కొనెను: అలసియు బరువును విడువకుండుట, ఎండను చలిని సరకుచేయకుండుట, ఎల్లవేళల సంతుష్టితో సంచరించుట. చిన్ననాడు ఈ శ్లోకములను వల్లెవేసిన వారికి ఈ గాడిద పాఠము నవ్వు పుట్టించునదే గాని సందేహము పుట్టించునది కాదు. అయినను సందేహింపవలసిన మాట అందొకటి కలదు. గాడిద ఎండను సరకుచేయదని నీతికారునకెట్లు తెలిసినది? అది నోరు తెఱచి చెప్పలేదు గనుక అట్లు ఊహించెనా, లేక దాని శరీరమును పరీక్షించి తెలిసికొనెనా?

ఈ ప్రశ్న గాడిదతో ముగియునది కాదు. శీతోష్ణములను, సుఖదుఃఖములను సమముగా సహించుట తితిక్షయని వేదాంతులు దానిని శమదమాదులతో చేర్చి సాధనసంపత్తిలో నొక అంగముగా పరిగణించిరి. ఇంద్రియములకు విషయములతో కలుగు స్పర్శచేత శీతోష్ణములు వచ్చుచు పోవుచుండునని, వానిని ఓర్చుకొనుమని శ్రీకృష్ణుడు యుద్ధారంభమున అర్జునునకు బోధించెను. ఇంతవఱకు వివాదము లేదు. కాని ఆ ఉపదేశమును వ్యాఖ్యానించు పౌరాణికుడు మండుటెండలో కిక్కురుమనక నిలిచియున్న పశువును చూపి, “చూచితిరా, దాని ఓర్పు! నోరులేని జీవమునకున్న సహనము నోరున్న మనకు లేకపోయెను గదా!” అని అనగనే సభ చప్పట్లు చఱచును, అక్కడనే నాకు అభ్యంతరము. పశువుయొక్క ఆ స్థితి నిజముగా తితిక్షయేనా? కాదేని, దానిని తితిక్షగా పొగడుటవలన పొగడువాడు దేనిని తప్పించుకొనుచున్నాడు? ఈ విచారమునకు మేకను తీసికొనుట మేలని నాకు తోచినది. ఏలయన, ముళ్లకంప మేసి, బండలపై నెక్కి, ఎంత ఎండనైనను తట్టుకొని బ్రతుకునని లోకము ఒప్పుకొన్న పశువులలో అదియే మొదటిది.

మేక శరీరోష్ణత మనకంటె హెచ్చు. ఆరోగ్యముతోనున్న మేకకు అది సుమారు 38.5 మొదలు 40 డిగ్రీల సెంటీగ్రేడు వఱకుండును. చుట్టునున్న గాలి చల్లగా నున్నంతసేపు లోపలి వేడి చర్మముద్వారా తనంతట తాను వెలికి పోవుచుండును గనుక మేకకు శ్రమ లేదు. రోహిణికార్తెలో గాలియే శరీరముకంటె వేడియైనప్పుడు ఆ ద్వారము మూసికొనిపోవుటయే కాదు, వేడి వెలుపలినుండి లోనికి ప్రవహింప నారంభించును. అప్పుడు మిగిలిన ఉపాయమొక్కటే, నీటిని ఆవిరిగా మార్చుట. ఒక గ్రాము నీరు ఆవిరియై పోవునపుడు సుమారు 580 కేలరీల వేడిని తనతో తీసికొనిపోవును. అందుచేత మేక కొంత చెమర్చును, ఎక్కువగా వగర్చును. విశ్రాంతిగానున్నపుడు నిమిషమునకు పదునైదు మొదలు ముప్పదివఱకు నుండు ఊపిరులు నూఱు దాటును. మొదట నోరు మూసికొని ముక్కుతోనే త్వరత్వరగా, పైపైని ఊపిరి తీయును. అదియును చాలనినాడు నోరు తెఱచి, నాలుక చాచి, చొంగ కార్చుచు దీర్ఘముగా వగర్చును. ఈ రెండవ దశను చూచిన కాపరి తత్క్షణమే మందను చెట్టుక్రిందికి మళ్లించును; ఏలయన దాని తరువాత వచ్చునది వడదెబ్బయని అతడెఱుగును.

వగర్పు ఉచితముగా దొరకునది కాదు. అతిశ్వాసచేత రక్తమునందలి బొగ్గుపులుసు వాయువు మితిమీఱి వెలికి పోవుటవలన రక్తమున క్షారగుణము పెరుగును. లాలాజలము నేలపాలగుటవలన నెమరుపొట్టలోని పులుపును సమముగా నుంచు పదార్థము లోపించును. ఊపిరితీయుటయే ఒక పనియై, ఆ పనివలన మఱికొంత వేడి పుట్టును. నెమరుపొట్టలో మేత పులియునపుడు కూడ వేడి పుట్టును గనుక మేక మేత తగ్గించును. మేత తగ్గినచో పాలు తగ్గును, బరువు తగ్గును. చూలు నిలువకపోవుట, పోతుల వీర్యము చెడి ఎండలు తగ్గిన కొన్ని వారములవఱకును కోలుకొనకుండుట మొదలైన నష్టములు దొడ్డిలోని లెక్కకు ఆలస్యముగా వచ్చును. అప్పటికి యజమాని ఎండను మఱచి మఱియొక కారణమును వెదకుచుండును.

ప్రవర్తనలో కనబడు మార్పులు ఇంతకంటె బోధప్రదములు. ఎండ ముదిరిన దినములలో మేక తెల్లవాఱుజామునను సందెవేళను మేసి మధ్యాహ్నమును నెమరుకు ఉంచుకొనును. నేల కాలియున్నచో పండుకొనక, గాలి నాలుగువైపుల సోకునట్లు నిలిచియే ఉండును. నీడ ఉన్నచో దానికై తోటిమేకతో పోరాడును. బలిసిన మేక నీడను ఆక్రమించుకొని బలహీనమైనదానిని ఎండలోనికి నెట్టుటయు కద్దు. (మేకలలో సామ్యవాదము లేదు.) నీటికడకు ఎక్కువ మారులు పోవును. ఇక సృష్టి దాని తలలోనే అమర్చిన ఏర్పాటొకటి కలదు: మెదడునకు పోవు రక్తనాళము కపాలము అడుగున సన్నని నాళముల వలగా చీలి, ముక్కునుండి చల్లబడి తిరిగివచ్చు రక్తము నడుమగా పోవును, కావున ఒడలెల్ల కాగుచున్నను మెదడు కొంత చల్లగా నుండగలదు. సినాయి, నెగేవు ఎడారులలో బెడూయిను జాతివారు పెంచు నల్లమేకలు రెండు మూడు దినములకొకమారు మాత్రమే నీరు త్రాగుచు, శరీరభారములో నాలుగవవంతు నీటిని కోల్పోయియు బ్రతికి, నీటియొద్దకు చేరగనే ఆ లోటునంతయు ఒక్కమారుగా త్రాగి తీర్చుకొనును. అంత నీరు ఒక్కపెట్టున రక్తములో చేరినచో రక్తకణములు పగులును. అట్లు కాకుండ నెమరుపొట్ట ఆ నీటిని నిలువచేసి మెల్లగా విడుచును.

ఇంత చెప్పుట పాండిత్యప్రదర్శనమునకు కాదు. తితిక్షకు ఆచార్యులు పెట్టిన లక్షణమును గుర్తు తెచ్చుకొనుడు. వచ్చిన దుఃఖమునకు మాఱు చేయ ప్రయత్నింపక, దానినిగూర్చి చింతింపక, ఏడువక ఓర్చుటను వారు తితిక్షయనిరి. అందు ప్రతీకారమును మానుట ప్రధానాంగము; చేయ శక్తి ఉండియు, ఉన్నతమైన ప్రయోజనమును కోరి, దానిని తనంతట తాను విడుచుట. మేకయందు ఈ లక్షణము ఎక్కడ? దాని ముక్కు, నాలుక, చర్మము, నెమరుపొట్ట, మూత్రపిండములు, మెదడు క్రింది నాళములు, మేతవేళలు, నిలుచు భంగిమ, అన్నియు ప్రతీకారమే. మండుటెండలో కిక్కురుమనక నిలిచినట్లు పౌరాణికునకు కనబడిన మేక, ఆ క్షణమున తన సర్వశక్తులను ఎండపై ప్రయోగించుచున్న యోధ. దాని మౌనము శాంతి కాదు. అఱచుటకు కావలసిన ఊపిరి వగర్చుటకు వ్యయమైపోవుచున్నది.

ఉక్కపోత సంగతి విచారించినచో ఈ విషయము మఱింత స్పష్టమగును. పలనాటి రెంటచింతలలో ఎండ ఎంత తీవ్రమైనను అక్కడి పొడిగాలి ఒంటి తేమను పీల్చుకొనును. అందుచేత మేక చేయు ప్రతీకారము ఫలించును. బందరు తీరమున ఉష్ణమాపకము అంతకంటె చాల తక్కువ చూపుచున్న దినమునగూడ, గాలి ముందే తేమతో నిండియున్నందున, వగర్చిన వగర్పు వ్యర్థమగును. శ్రావణమాసమున ఆరవేసిన బట్టవలె ఆ తేమ ఉన్నచోటనే ఉండును. నీరు ఖర్చగును, వేడి మాత్రము పోదు. కావుననే పశువైద్యులు ఉష్ణమును ఒంటరిగా లెక్కింపక, ఉష్ణమును తేమను కలిపి ఒక సూచికగా కట్టి, దానినిబట్టి పశువు బాధను అంచనావేయుదురు. పొడియెండకు పుట్టిపెరిగిన జంతువునకు తేమ అపరిచితశత్రువు. వాన చినుకు పడినను గొఱ్ఱె మేయుచునే యుండును గాని మేక పరుగెత్తి చూరు క్రింద దూరును. ఒడలు తడియుట దానికి పరమద్వేష్యము.

ఆ ద్వేషమునకు కారణములు లేకపోలేదు. వెచ్చని తేమలో నేలపై పడిన పెంటికలనుండి కడుపుపురుగుల పిల్లలు పుట్టి, తడిగడ్డిపై కొంత దూరము ప్రాకి, మేతతో లోనికి పోవును. వానిలో రక్తము పీల్చు జాతి యొకటి కడుపుగోడను పట్టుకొని మేకను పాలిపోవునట్లు చేయును. కంటి క్రిందిరెప్పను తిప్పి చూచినచో ఎఱ్ఱగా నుండవలసినది తెల్లబడియుండును, దవడక్రింద నీరు దిగి వాచును. మేక స్వభావముచేత ఆకు మేయునది, ముందుకాళ్లెత్తి కొమ్మను వంచి తుమ్మాకును రేగాకును కోయునది. నేలకు జానెడు పైన ఈ పురుగుల బెడద మిక్కిలి తక్కువ. దానిని చెట్టు లేని బీటిలోనికి తోలి పొట్టిగడ్డి మేపినది మనమే. వానల తరువాత లేతగడ్డి అతిగా మేసినపుడు వచ్చు చిటుకరోగము, బురదదొడ్డిలో గిట్టల నడుమ పుట్టు పుండ్లు, గాలి ఆడని కొట్టములో వచ్చు ఊపిరితిత్తుల జబ్బు, వీనినిగూర్చి విస్తరింపను. కేరళమువంటి తడిసీమలలో నేలకు ఎత్తుగా, సందులుంచిన చెక్కలతో మేకలకు అటుకవంటి కొట్టములు కట్టుట ఇందులకే.

ఇప్పుడు ధర్మవిచారమునకు వత్తము. ఫ్రాన్సుదేశపు తత్త్వవేత్త డేకార్టు పశువులు ఆత్మలేని యంత్రములని వాదించెను. ఆయన అనుచరులలో కొందఱు పశువు అఱపును యంత్రము చేయు చప్పుడుగా భావించిరి. ఈ మాట విని మనవారు చెవులు మూసికొందురు. మన శాస్త్రములలో మేకకు జీవుడున్నాడు. అతడు మనలోని జీవునివంటివాడే. మంచిది. కాని వెంటనే “దాని ప్రారబ్ధము అట్టిది, అనుభవింపక తీఱునా” అని మఱియొక మాట చేర్చుదుము. యంత్రమన్నవాడును నీడ వేయలేదు, జీవుడన్నవాడును నీడ వేయలేదు; దొడ్డిలో వగర్చుచున్న మేకకు ఈ రెండు దర్శనముల భేదము తెలియు మార్గమెద్ది? పైగా ప్రారబ్ధవాదము ఇచ్చట సరిగా ప్రయోగింపబడుటయు లేదు. మేకకు ఎండ ప్రారబ్ధమైనచో, ఆ మేకను చూచుట, నీడ వేయు శక్తి కలిగియుండుట నా ప్రారబ్ధము కాకపోవునా? ఫలభాగమును పశువునకు పంచి, కర్తవ్యభాగమును ఎవరికిని పంచకుండుట కర్మసిద్ధాంతము కాదు, సోమరితనమునకు కర్మమని పేరుపెట్టుట.

తితిక్షను బోధించిన ఆచార్యుడే ఈ సందేహమునకు చేతలతో సమాధానమిచ్చెను. మనవారు దానిని పురాణశ్రవణములో అంతగా పట్టించుకొనరు. ద్రోణపర్వమున, యుద్ధమునకు పదునాలుగవ దినమున, సూర్యాస్తమయములోగా సైంధవుని వధింతునని ప్రతిజ్ఞచేసిన అర్జునుడు కౌరవవ్యూహమును చీల్చుకొని పోవుచుండగా, రథాశ్వములు బాణములచేత గాయపడి, దప్పిగొని, అలసిపోయినవి. ప్రతిక్షణమును ప్రతిజ్ఞకు సంబంధించిన ఆ వేళ, శత్రుసైన్యము నడుమ, గుఱ్ఱములను విప్పుదమన్న అర్జునుని మాటకు సమ్మతించి కృష్ణుడు రథమును నిలిపెను. అర్జునుడు నేలపై నిలిచి శత్రువులను అడ్డగించి, బాణముతో భూమిని భేదించి సరస్సును కల్పించి, బాణములతోనే ఒక గృహమును కట్టెను. కృష్ణుడు ఆ బాణగృహములో గుఱ్ఱములకు గ్రుచ్చుకొన్న ములుకులను తన చేతులతో ఊడదీసి, మాలీసుచేసి, నీరు త్రాగించి, సేదదీర్చి, మరల రథమునకు పూన్చెను. శీతోష్ణములు వచ్చుచుపోవుచుండునవి, ఓర్చుకొనుమని ఆయన అర్జునునకు చెప్పి పదునాలుగు దినములైనను కాలేదు. ఆ మాటను గుఱ్ఱములకు చెప్పలేదు. గుఱ్ఱములకు నీళ్లు పెట్టెను, నీడ నిచ్చెను. ఉపదేశము ఎవరికి, ఉపచారము ఎవరికి అన్న విభాగము ఆయనకు స్పష్టముగా తెలిసియుండెను.

జైనులును ఈ విభాగమును చక్కగా ఎఱిగినవారు. ఆకలి, దప్పి, చలి, ఎండ మొదలుగా ఇరువదిరెండు పరీషహములను సన్న్యాసి నోరెత్తక సహింపవలెనని వారి శాసనము. ఆ మతమునందలి గృహస్థులే గుజరాతు పట్టణములలో ముసలి, రోగి పశువులకై పింజ్రాపోలులను నిర్మించిరి. తనకు ఎండ, పరులకు నీడ.

మన సీమలోనే దీనికి రాతిసాక్ష్యము కలదు. గుత్తికి సమీపమున, కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు చెక్కబడియున్నవి. వానిలో రెండవ ధర్మశాసనము, మనుష్యులకు పశువులకు ఇరువురకును చికిత్స ఏర్పఱచితినని, మందుమూలికలు లేనిచోట్లకు తెప్పించి నాటించితినని, త్రోవలపొడవున నూతులు త్రవ్వించి చెట్లు నాటించితినని, అవి పశువుల ఉపయోగమునకును మనుష్యుల ఉపయోగమునకును అని చెప్పుచున్నది. అహింసను బోధించుటతో తృప్తిపడక నీడను, నీటిని లెక్కలోనికి తెచ్చిన చక్రవర్తి అతడు. ఉత్తరదేశపు స్తంభశాసనమొకదానిలో చూలుతోనున్నవియు పాలిచ్చునవియునగు ఆడుమేకలను, ఆఱు మాసములు నిండని పిల్లలను చంపరాదని ప్రత్యేకముగా నిషేధించెను. మేకపేరు రాజశాసనమున కెక్కినది. అదియు స్తుతికై కాదు, రక్షణకై. రాయలసీమవంటి ఎండసీమలో ఆ బండను చెక్కించినవానికి చెట్టునీడ విలువ గ్రంథములనుండి మాత్రమే తెలిసియుండదని నా నమ్మకము.

ఈ ధర్మమునకు అవధి ఎక్కడ అని ఒకరు అడుగవచ్చును. నల్లమలలోని కణుజుకును ఎండ తగులును. దానికిని పందిరి వేయుదుమా? అక్కఱలేదు. కణుజు ప్రతీకారము కణుజు చేతిలోనే ఉన్నది: వాగు ఎక్కడనో అది ఎఱుగును, పొద ఎక్కడనో ఎఱుగును, పోవుటకు కాళ్లున్నవి. మేక కాళ్లకు మనము త్రాడు వేసితిమి. ఇంటికప్పు రేకులతో వేసి దొడ్డి కట్టితిమి. మేయు సమయమును మన సౌకర్యమునుబట్టి నిర్ణయించితిమి. దాని ప్రతీకారమును మనము తీసికొన్నంతమేర దానికి ప్రతీకారము చేయవలసిన ఋణము మనపై పడినది. త్రాడు పొడవు ఎంతయో ధర్మము కొలత అంతయే. కూలికై వేసవి మధ్యాహ్నమున ఇటుకబట్టీకడ నిలువక తప్పని మనుష్యునకు తితిక్షను బోధించుటలో గల తప్పును ఈ కొలతతోనే కనుగొనవచ్చును. అక్కడ త్రాడు కంటికి కనబడదు, అంతే భేదము.

గ్రామదేవతల జాతరలలో మేకపై పసుపునీళ్లు చల్లి, అది ఒడలు విదిలించువఱకు కాచుకొని, విదిలించిన వెంటనే అమ్మవారు అంగీకరించినదని సంతసింతురు. దేవత మనసు తెలిసినవాడను కాను గనుక దేవత అంగీకారమునుగూర్చి నాకు చెప్పుటకేమియు లేదు. తడిని సహింపలేని మేకపై ఎవరు నీళ్లు పోసినను అది ఒడలు విదిలించునని మాత్రము తెలియును. గాడిద మౌనమును చూచి అది ఎండను సరకుచేయదన్న నీతికారుడును, మేక విదిలింపును చూచి సమ్మతియన్న భక్తుడును పశువు శరీరమున తమకు కావలసిన వాక్యమునే చదువుకొన్నారు.

1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ఇచ్చట ఒక సూక్ష్మమును పాటించినది. మతాచారము విధించిన రీతిని జంతువును వధించుటను అది నేరముగా ఎంచలేదు. కాని యజమానియైనవాడు పశువునకు చాలినంత ఆహారమును, నీటిని, ఆశ్రయమును ఈయకుండుటను నేరములలో చేర్చినది. రేపు చావవలసిన మేకయైనను నేటి దప్పికి అర్హమైనది కాదని దాని తాత్పర్యము. లారీలలో కిక్కిఱిసి, గాలి ఆడక, ఒకదానిపై ఒకటి వగర్చుచు సంతకు పోవు మేకల విషయమై 1978లో రవాణా నియమములును వచ్చినవి. బాటపై పోవువారికి ఆ నియమములు ఎంతవఱకు అమలగుచున్నవో కంటితోనే తెలియును. బలి ఇచ్చుట ధర్మమా, కాదా అను వాదము వేదకాలమునుండి నడుచుచునే యున్నది, ఇంకను నడుచును. ఆ వాదములో ఏ పక్షమువాడైనను, ఉదయమునుండి గుడిముందఱి గుంజకు కట్టియుంచిన మేకను వేపచెట్టు నీడకు మార్చి కట్టి, ముందు ఒక తొట్టి నీళ్లు పెట్టుటకు వాద నిర్ణయముకొఱకు ఆగవలసిన పనిలేదు.